డబ్బాలో వచ్చిన రుచి

(పద్నాలుగో వారం)

వారం రోజుల్లో మీకు సవాలక్ష పనులుంటాయి, నన్ను మరిచిపోయి ఉంటారు. నేను మంగళని. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, ఒంటిగది కాపురాల చాళ్లో, మూడో అంతస్తు చివరి ఖోలీలో, మా అత్త రత్నాబాయి దగ్గర పన్నెండేళ్లుగా కోడలరికం చేస్తున్నదాన్ని. మా మామ ముత్తయ్య బైకుల్లాలో బారిస్టర్ సాహెబ్ బంగళాలో ముప్ఫై ఎనిమిదేళ్లు వంట చేసి పోయిన ఏడాది చనిపోయాడు. ఆ వంటింట్లో ఆయన చోటు ఇంకా ఖాళీగా ఉంది. పెద్ద సాహెబ్ కూడా ఇప్పుడు లేడు. చిన్న సాహెబ్‌కేమో ముత్తయ్య చేసే ఫిష్ పై లేకపోతే ఆదివారం గడవదట. ముత్తయ్య ఇంటి మనిషే కావాలి, ఎవరన్నది ముత్తయ్య భార్యే తేల్చాలి, సోమవారం పొద్దున గేటు దగ్గర ఉండాలి అని డ్రైవరుతో కబురు పంపాడు.

ఆ పని నాకు కావాలి. బీడీలు చుట్టీ చుట్టీ నా వేళ్లు పొగాకు రంగు తిరిగాయి, దగ్గు మొదలైతే గంటసేపు ఆగదు. మా ఆయన గంగారాం, మిల్లు సమ్మె మొదలైన నాటి నుంచి, అంటే రెండేళ్లు దాటి, ఇవాళ గేటు తెరుస్తారు రేపు తెరుస్తారు అంటూ చాపమీదే ఉన్నాడు. పోయిన వారం నేను వెళ్తానని అంటే అత్త మూతి తిప్పింది. ఆడది పరాయి ఇంటి పొయ్యి దగ్గర నిలబడితే ఇంటి పరువు పోతుందట. బీడీలు చుడితే పోని పరువు! మా బావ శంకర్రావు అదే అదనుగా తన బావమరిది తుకారాం పేరు ముందుకు తోశాడు. చివరికి అత్త తీర్పు ఇలా చెప్పింది: ఆదివారం మామ ఏడాది. ఇద్దరూ ఫిష్ పై చెయ్యండి, ఆయన ఫొటో ముందు పెడదాం, తిని చూసి ఎవరు పోవాలో నేను చెబుతా. కథ అక్కడ ఆగింది.

ఆదివారం తెల్లారేసరికి నేను చేపల మార్కెట్‌లో ఉన్నాను. చేపలమ్మే కోలిణితో కొట్లాడి మంచి రావస్ చేప ముక్క తెచ్చాను. ఫిష్ పై అంటే ఏమిటో తెలియని వాళ్లు కంగారు పడకండి, అది బ్రహ్మవిద్యేమీ కాదు. చేపను పాలలో ఉడికించి, ముల్లు లేకుండా విడదీసి, అదే పాలతో చేసిన తెల్లటి గుజ్జులో కలిపి, పైన మెదిపిన ఆలుగడ్డ పరిచి కాల్చే ఇంగ్లీషు తిండి. కారం లేదు, పులుపు లేదు. మామ మంచాన పడ్డ చివరి నాలుగు నెలలూ నాకు దీన్ని పాఠం చెప్పినట్టు చెప్పాడు. నేను తిరిగి అప్పజెప్పాలి. పాలు మరగకూడదు, వణకాలి అంతే. వెన్నలో మైదా వేగిన వాసన రావాలి, రంగు మాత్రం మారకూడదు. ఇద్దరు కొడుకులున్నా, ఆయన్ను తిప్పి పడుకోబెట్టింది నేనే కాబట్టి విద్య నాకే దక్కింది. దీంట్లో ఇంకెవరికీ వాటా లేదు.

మా ఆయనకు ఆలుగడ్డల తొక్క తీసే పని ఇచ్చాను. సగం గడ్డ తొక్కతోనే పోయింది. మగ్గం మీద పదిహేనేళ్లు దారం తెగకుండా నడిపిన మనిషి చేతుల్లో ఆలుగడ్డ నిలవలేదు. పైగా నా వైపు చూసి, అన్నతో ఎందుకు నీకు పంతం అన్నాడు. వాళ్లన్న ముందు నోరు తెరవలేని వాడు నా ముందు పెద్దమనిషి అయిపోతాడు. ఆ తొక్కలు కూడా ఎత్తి చెత్తలో వెయ్యమన్నాను, ఆ పని మాత్రం బాగానే చేశాడు.

కాల్చడానికి చాళ్లో ఎవరికీ పొయ్యి తప్ప వేరే సాధనం లేదు. కానీ మా గల్లీ ఆడవాళ్లకు ఆ దిగులు లేదు. దీపావళికి మేమంతా నానఖటాయి బిస్కట్ల ముద్దలు రేకు పళ్లేల్లో పేర్చుకుని మూలమీది బేకరీకి పట్టుకుపోతాం. పావ్ రొట్టెలు దిగిన తరువాత భట్టీలో మిగిలే వేడి మాది. పళ్లెం ఎవరిదో తెలియడానికి ఒకరు చింతగింజ గుచ్చుతారు, ఒకరు గుండీ పెడతారు. ఆ ఆదివారం నేను ఒక్కదాన్నే పళ్లెం నెత్తిన పెట్టుకుని వెళ్లాను. దీపావళి కాని దీపావళి ఏమిటని బేకరీ ఉస్తాద్ అడిగాడు. చేప అని తెలిసి ముఖం ముడుచుకున్నాడు, రేపటి పావ్‌కు వాసన పట్టేస్తుందట. ముత్తయ్య ఏడాది అని చెప్పాను. అప్పుడు నోరు మూసుకుని పొడుగాటి కర్రతో పళ్లెం లోపలికి తోశాడు. అరగంటకు పైభాగం బంగారు రంగు తిరిగి, అంచుల్లో పాలగుజ్జు బుడగలు వేస్తూ బయటికొచ్చింది. మామ నోటితో చెప్పింది నా చేత్తో అయింది. నేను పొంగిపోయాను, దాచడమెందుకు.

పదకొండున్నరకు శంకర్రావు బావ దిగాడు. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా, వర్లిలో కాపురం. సఫారీ సూటు వేసుకుని, ఫాక్‌లాండ్ రోడ్డు మలుపు దగ్గర టాక్సీ దిగిన క్షణం నుంచి మా మెట్లెక్కే దాకా ముక్కుకు రుమాలు తియ్యలేదు. ఈ చివరి ఖోలీలోనే పుట్టాడు. ఈ గ్యాలరీ వసారాలోనే నిక్కరు లేకుండా పరుగెత్తాడు. ఇప్పుడు కన్నతల్లితో కూడా మరాఠీలో మాట్లాడతాడు. తెలుగులో మాట్లాడితే తాత మోసిన తట్టలోని మట్టి నోట్లో పడుతుందని భయం కాబోలు. వెనకాలే మా తోటికోడలు, పట్టుచీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తుకుని, మా మెట్లు తన చీరను కరుస్తాయేమో అన్నట్టు.

ఆమె తమ్ముడే తుకారాం. పెద్ద హోటల్లో కుక్ అని వాళ్లు చెబుతారు. ఆ హోటల్ ఏదో కంపెనీ క్యాంటీన్ అనీ, అక్కడ అతను ఆమ్లెట్లు తిప్పుతాడనీ నాకు తెలుసు. తన పైని తువ్వాలులో చుట్టిన స్టీలు డబ్బాలో తెచ్చాడు. మూత తీయగానే ఎల్లిపాయ, ఎర్రకారం గుప్పుమన్నాయి. ఫిష్ పైలో ఎల్లిపాయ! నేను నవ్వు ఆపుకోలేదు. పైనున్న ఆలుగడ్డ తవా మీద మాడ్చినట్టు నల్లమచ్చలు పడి ఉంది. అక్క చెప్పిన రుచి ప్రకారం చేశానని అతను గొప్పగా చెప్పుకున్నాడు. చెప్పిన అక్కకే సరిగ్గా తెలియదు, ఇక చేసిన వాడి సంగతి ఏం చెప్పను.

మామ ఫొటోకు దండ వేశాం. రెండు పైలు, ఆయన తాగే బీడీల కట్ట, గ్లాసులో చాయ్ పెట్టి, సాంబ్రాణి వేసి, ఆయన వచ్చి తింటాడని తలుపు దగ్గరికి లాగి అందరం గ్యాలరీలో నిలబడ్డాం. అక్కడ కూడా బావ ఊరుకోలేదు. చిన్న సాహెబ్ ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి, అలాంటి చోటికి బీడీల చేతులతో పోతే మన పరువేం కావాలి అని మరాఠీలో వాళ్లావిడతో అన్నాడు, నాకు వినపడేలా. నేను కూడా మరాఠీలోనే, మున్సిపల్ నల్లా దగ్గర నేర్చుకున్న మరాఠీలో, ఆ బీడీల చేతులే మీ నాన్న మంచం కిందది ఎత్తాయి అన్నాను. వాళ్లావిడ గొంతు సవరించుకుంది. మా ఆయన గ్యాలరీ కింద ఎవరో పిలిచినట్టు వంగి చూశాడు. ఎవరూ పిలవలేదు.

లోపలికి వెళ్లి కూర్చున్నాం. అత్త ముందు నాది ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నములుతూ చాలాసేపు కళ్లు దించుకుంది. మింగి నీళ్లు తాగింది. జ్వరం వచ్చినోళ్లకు పెట్టే పత్తెం తిండిలా ఉందని, ఉప్పూ కారం లేని దాన్ని మీ మామ ఏనాడూ ఇంటికి తేలేదని అంది. తరువాత తుకారాం డబ్బాలోంచి తీసి తింది. ఈసారి ఆలోచించలేదు. ఇదే ముత్తయ్య తెచ్చిన రుచి, రేపు తుకారాం పోతాడు, మాట అయిపోయింది అని చెంచా కింద పెట్టేసింది.

బావ ఒక ముద్ద తిని కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు ఆదివారం నాలుగు గంటలకు నాన్న డబ్బా పట్టుకుని మెట్లెక్కే చప్పుడు గుర్తొచ్చిందట. తోటికోడలు తమ్ముడి వీపు తట్టింది. మా ఆయన కూడా, నా పక్కన కూర్చుని, నా పళ్లెంలో ఉన్నది వదిలి తుకారాం డబ్బా వైపు చెయ్యి చాపాడు. అప్పుడు నా ఒళ్లు మండింది.

ఆ డబ్బా సంగతి చాళ్లో తెలియనిదెవరికి? ఆదివారం సాయంత్రం మామ అది తెచ్చేవాడు. అత్త తలుపు మూసి తవా పెట్టి, నూనెలో ఎల్లిపాయ దంచి వేసి, కారం, చింతపండు పులుసు పోసి, డబ్బాలో ఉన్నదంతా అందులో కలిపి మాడ్చేది. మర్నాడు నల్లా దగ్గర వరసలో నిలబడి, మీరు తట్టలు మోసే జాతి, మాది సాహెబుల తిండి అని ఆడవాళ్లందరినీ చులకన చేసేది. అత్త తండ్రి కూడా సున్నం తట్టలు మోసే బొంబాయిలో బతికాడు. కానీ ఆమెకు ఆ డబ్బా ఉంది కదా. దాని బలంతో ముప్ఫై ఎనిమిదేళ్లు ఈ గల్లీ మొత్తాన్ని చిన్నచూపు చూసింది. నన్ను కోడలిగా తెచ్చిన రోజు కూడా మా అమ్మానాన్నల ముందు ఆ డబ్బా కడిగి అందరికీ కనిపించేలా ఎత్తున బోర్లించింది.

ఆ డబ్బాలో ఏముండేదో నాకు తెలుసు. మామ చెప్పాడు. చెప్పి, అత్తకు చెప్పొద్దని తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ ఆదివారం నేను మాట తప్పాను. తప్పినందుకు ఆ క్షణంలో నాకు సిగ్గు వెయ్యలేదు సరికదా, సంతోషమేసింది.

"అత్తా, నువ్వు గిన్నేండ్లు తిన్నది మామ చేసిన పై గాదు" అన్నాను. "ఫిష్ పై గిన్నెల చెయ్యి పెడితే పెద్ద సాహెబ్ పెండ్లాం, బాయిసాబ్, పని నుంచి తీసేస్తుండె. సాహెబోళ్లు తిని లేచినంక పళ్లేలల్ల మిగిలింది ఊడ్చి డబ్బాల ఏస్కొచ్చెటోడు. నమిలి పక్కకు పెట్టినయి గూడ ఉంటుండె. నువ్వు ఎల్లిపాయ కారం ఏసి సంపింది ఎంగిలి వాసన. తుకారాం చేసింది గదే. నేను చేసింది పై."

బావ లేచాడు. నీళ్లు పోయే మోరీ దగ్గరికి పోయి, చెంబుతో నీళ్లు తీసుకుని, పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పుక్కిలించాడు. పాతికేళ్ల కిందట అరిగిపోయిన ఎంగిలిని సఫారీ సూటు తడుపుకుంటూ ఇప్పుడు కడుక్కుంటున్నాడు. తోటికోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తుకారాం తన డబ్బా మూత వెతుక్కున్నాడు. మా ఆయన మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, బస్ కర్ మంగళా, ఇక చాలు అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, వాళ్లమ్మ ముఖం చూసి వచ్చిన భయం ఉంది. నేనూ అప్పుడే ఆమె ముఖం చూశాను.

అత్త ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా పళ్లెం దగ్గరికి లాక్కుని, చెంచా వదిలేసి, చేత్తో మూలనున్న ముద్ద తీసి తింది. పైభాగం కరకరలాడింది. ఇంకో ముద్ద తింది. తింటూనే పెద్దకొడుకును పిలిచింది.

"నోరు కడుక్కున్నవా? ఇగ కూసో" అంది. "ఎంగిలని నాకు ఎరుక లేదనుకుంటున్రా? మొదటి డబ్బా తెచ్చిన నాడే ఎరుక. అందుకే కారం ఏసిన. మీకు ఎరుక గావద్దని. ఆ ఎంగిలితోనే నీకు గింత ఒడ్డూ పొడుగూ వచ్చింది, ఇప్పుడు మోరీల ఉమ్మితే పోతదా?"

బావ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఈ ఇంట్లో అందరికన్నా తెలివైనదాన్ని నేనే అని పన్నెండేళ్లుగా అనుకుంటున్నాను. నా దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం వేసేశాను. అది ఆమెకు తగలనే లేదు.

అత్త వేళ్లు నాక్కుని నా వైపు తిరిగింది. నేను ఏమేం చేశానో వరసగా చెప్పడం మొదలుపెట్టింది. పాలు మరగనివ్వలేదు, వణికించాను. మైదాకు రంగు రానివ్వలేదు. గుజ్జులో జాజికాయ గోరంత గీకాను. ఆలుగడ్డ మీద గుడ్డుసొనను గుడ్డతో కాదు, కోడి ఈకతో పూశాను. జాజికాయ మాట నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. ఈక తలుపు చాటున పెట్టుకుని పూశాను. తవా మీద కారంలో మాడిన ఎంగిలి తిన్న నాలుకకు ఇవేవీ తెలిసే వీలు లేదు. మామ నీకూ చెప్పాడా అని అడిగాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నామీద ఎంత చులకన ఉందో, ఫొటోలో మనిషి మీద కూడా అంతే ఉంది.

"ఆయన నాకు జెప్పుడేంది. ఆయనకు నేర్పింది నేను" అంది. "బారిస్టర్ బంగ్లల ముందుగాల పొయ్యి ముట్టిచ్చింది నేనే. బాయిసాబ్ బుక్కు సూసి సదివి జెప్తుండె, నేను చేస్తుంటి. రెండేండ్లు చేసిన. శంకర్ కడుపుల పడేదాక. గప్పుడు నేను ఇంట్ల కూసున్న, మీ మామ పోయి ఆ పొయ్యి కాడ నిలబడ్డడు."

బావ చేతిలో చెంబు ఇంకా అలాగే ఉంది. దాంట్లోంచి నీళ్లు సన్నగా అతని బూటు మీద పడుతున్నాయి. ఏమన్నావమ్మా అన్నాడు. తెలుగులో అన్నాడు. అత్త అతని వైపు చూడలేదు.

నేను అడగాల్సింది ఒకటే మిగిలింది. నా పై సరిగ్గా కుదిరిందని తెలిసీ, పత్తెం తిండి అని అందరి ముందు అబద్ధం ఎందుకు చెప్పావు అని అడిగాను. ఆ పని నాకు ఎంత అవసరమో నీకు తెలియదా అని కూడా అన్నాను.

అత్త నా బీడీల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పన్నెండేళ్లలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"నీ పై మంచిగయ్యింది పోరీ. అచ్చం నేను చేసినట్టే అయ్యింది" అంది. "గా రుచి మెచ్చుకుంటనే పెద్ద సాహెబ్ నా పొయ్యి కాడికొచ్చెటోడు. గందుకే తుకారాంను పంపుతున్న. నిన్ను మాత్రం, నేను బతికుండగ, ఆ గేటు దాటనియ్య."